రేకు గోదావరిలో పైసలు

మా బావ రైలింజను మీద ఫైర్‌మన్. పొయ్యిలో బొగ్గు వేసి, ఆవిరి తగ్గకుండా చూసుకుంటూ, డ్రైవరు పక్కన నిలబడి దారి చూడటం ఆయన పని. డ్రైవరు కావడానికి అన్ని పరీక్షలూ గట్టెక్కి, చివరికి కళ్ళ పరీక్ష దగ్గర ఆగిపోయాడు. చుక్కలు చుక్కలుగా ఉన్న అట్టలు చూపించి, అందులో దాగిన అంకె చెప్పమన్నారట. ఆయనకు చుక్కలు కనిపించాయి గానీ అంకె కనిపించలేదు. ఉద్యోగంలో చేరినప్పుడు బాగున్న కళ్ళే. ఏళ్ళ తరబడి నిప్పులోకి చూడటం వల్ల మారాయో, ఊరికే మారాయో ఆయనకూ తెలియదు. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియని మనిషిని ఇంజను మీద ఉంచరు. దింపి మంచిర్యాల స్టేషను పార్సిల్ గదిలో వేశారు. జీతం తగ్గలేదు. మాట తగ్గింది.

నేను అక్కను చూసిపోదామని జమ్మికుంట నుంచి వచ్చి మంచిర్యాలలోనే ఉండిపోయినవాణ్ణి. బజారులో రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే దుకాణం పెట్టాను. దుకాణం పేరులో సౌండు ఉండేది. అంతమాత్రాన నేనెప్పుడూ సౌండు పార్టీని కాలేదు. బాగుచేయించుకోవడానికి వచ్చేవాళ్ళకంటే క్రికెట్టు స్కోరు అడగడానికి వచ్చేవాళ్ళే ఎక్కువ.

పార్సిల్ గదికి మారిన తర్వాత ఏడాదో రెండేళ్ళో గడిచాక బావ రేకు కత్తిరించడం మొదలుపెట్టాడు. డాల్డా డబ్బాలు విప్పి, సాపుచేసి, ఇంజను చేశాడు. చక్రాలు లేతు మిషను దగ్గర తిప్పించుకొచ్చాడు. జానెడు ఇంజను, వెనక బొగ్గు డబ్బాలు. వేలంత లావున పొగగొట్టం కూడా పెట్టాడు. నా దుకాణంలో చచ్చిపడి ఉన్న టేపురికార్డర్లలోంచి ఒక మోటారు తీసి ఇచ్చాను. ఇత్తడి పట్టాలు పరిచి, ఒక పట్టా నుంచి కరెంటు ఇంజనులోకి వచ్చి రెండో పట్టాలోంచి తిరిగి వెళ్ళేలా వైరింగు చేశాం. వేగం పెంచడానికీ తగ్గించడానికీ ఒక బోర్డు కావాలి. అది నా పని. రేడియో గొంతు పెంచే నాబునే కంట్రోలుగా పెట్టి, దానికి ఒక ఇత్తడి పిడి తొడిగి, కరెంటును అదుపుచేసే పెద్ద ట్రాన్సిస్టరు ఒకటి హైదరాబాదు నుంచి తెప్పించి అల్యూమినియం రేకుకు బిగించాను. బోర్డు తయారవుతుండగా బావ ఒకే ఒక మాట అన్నాడు.

"బామ్మర్దీ, రంగు దీపాలు మాత్రం పెట్టకు."

"పెట్ట బావా," అన్నాను. ఆ సంగతి మేమిద్దరం మళ్ళీ ఎత్తుకోలేదు.

ఆ రేకు బండి అలా పార్సిల్ గది బల్ల మీదే తిరుగుతూ ఉండేదేమో. తన మూటలకోసం వచ్చిన సేటు కంట పడింది. ఆయనది బజారులో ఇనుప సామాన్ల దుకాణం. మా బజారు వినాయకుడి మంటపానికి ఆయనే పెద్ద. ఏటా మంటపం ముందు ఏదో ఒక సెట్టింగు ఉండాలి. ఒకసారి గుహ, ఒకసారి పాలసముద్రం. బొగ్గుబావుల ఊళ్ళ నుంచి, గోదావరికి అవతల కరీంనగర్ జిల్లా నుంచి కూడా జనం చూడటానికి వచ్చేవాళ్ళు.

"మీ బండిని మా గణపతి ముంగట నడుపరాదు?" అన్నాడు సేటు.

బావ ఆ రాత్రి అన్నం తింటూ మాట్లాడాడని అక్క చెప్పింది. అది ఆ ఇంట్లో వార్తే.

ఆయన బొగ్గుబావి కట్టాడు, కొండలు కట్టాడు. కొండల మీద మబ్బులకని నేను జమ్మికుంట నుంచి దూది తెప్పించాను. వాటన్నిటికీ నడుమ గోదావరి వంతెన. జింకు రేకుతో పొడుగాటి పళ్ళెం చేసి, నీళ్ళు పోసి, పైన వంతెన నిలబెట్టాడు. కమ్మీ కమ్మీ లెక్కపెట్టుకున్నట్టు కట్టాడు. ఎన్నిసార్లు దాటి ఉంటాడో ఆ వంతెనను, పొయ్యి ముందు నిలబడి. నేనూ ఎన్నోసార్లు దాటాను, కిటికీ పక్కన కూర్చుని. మేమిద్దరం ఒకే వంతెన గురించి మాట్లాడుకుంటున్నామనే అనుకున్నాం.

మొదటి సాయంత్రం జనం బాగా వచ్చారు. బావ మంటపం పక్కన స్టూలు మీద కూర్చుని పిడి పట్టుకున్నాడు. బండి బావి దగ్గర బయలుదేరి, కొండ చుట్టి, వంతెన ఎక్కింది. ముందు వరుసలో ఉన్న ఒక ముసలవ్వ కొంగు ముడి విప్పి, పది పైసల బిళ్ళ తీసి, కళ్ళకద్దుకుని, రేకు గోదావరిలో వేసి దండం పెట్టింది.

నీళ్ళలో బుడుంగుమన్న చప్పుడు విని జనమంతా నవ్వారు. ఆ వెంటనే జేబులు తడుముకున్నారు. రైలు గోదావరి దాటుతుంటే పైస వేయని మనిషి మా వైపు ఉండడు. ఇటు ఆదిలాబాదు వాళ్ళయినా, అటు కరీంనగర్ వాళ్ళయినా అంతే. నేనూ వేసేవాణ్ణే. ఆ సంగతి బావకు చెప్పాలని నాకు తోచలేదు, ఆయనకు తెలియదని నేనెలా అనుకుంటాను? తర్వాత ఆయన చెప్పాడు.

"ఇంజను మీద ఉన్నోనికి ఎన్కాల డబ్బాలకెళ్ళి ఎవలేం ఏస్తున్నరో కనవడదు. మా చూపు లైను మీదనే ఉంటది."

పట్టాల మధ్య ఎడం చాలా తక్కువ. పది పైసల బిళ్ళ అడ్డంగా పడితే రెండు పట్టాలనూ తాకుతుంది. అలా ఒకటి పడింది. కరెంటు మోటారులోంచి పోవడం మానేసి, అడ్డదారి దొరికినట్టు ఆ బిళ్ళ మీదుగా పరుగెత్తింది. బండి వంతెన మధ్యలో ఆగిపోయింది. ఎత్తు దగ్గర బండి మొరాయిస్తోందనుకుని బావ పిడి ఇంకా తిప్పాడు. ఫైర్‌మన్ బుద్ధి అది, బండి తగ్గితే బొగ్గు పెంచాలి. ముందు వాసన వచ్చింది. తర్వాత ట్రాన్సిస్టరు పోయింది.

"బొగ్గు అయిపాయిందేమో," అన్నారు ఎవరో జనంలో.

"దిగి తొయ్యాల్నా ఏంది?"

"ఎర్ర సిగ్నల్ పడ్డట్టున్నది, సూస్కోలేదా డ్రైవర్ సాబ్," అన్నాడు ఇంకొకతను. అతనెవరో మాకు తెలియదు. మేమెవరో అతనికీ తెలియదు. సరదాగా అన్న మాట. బావ పిడి వదిలేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

మర్నాడు నేను కొత్త ట్రాన్సిస్టరు వేసి, దానికి ముందు ఒక ఫ్యూజు పెట్టాను. వెంట్రుకంత సన్నని తీగె. కరెంటు ఎక్కువైతే బోర్డుకంటే ముందు అది తెగిపోతుంది. తెగింది కూడా. ఒక్కో బిళ్ళకు ఒక్కో తీగె. నేను దుకాణం మూసి, స్క్రూడ్రైవరు చెవి మీద పెట్టుకుని, బడి పక్కన గుండీలు కుట్టే దర్జీలా అక్కడే కూర్చున్నాను. బండి కాసేపు నడుస్తుంది, ఆగుతుంది, నేను తీగె వేస్తాను. ఫ్యూజు వేయడమే నా పని అయిపోయింది. ఒక సాయంత్రం నేను అన్నానికి వెళ్ళొచ్చేసరికి, మంటపానికి మైకుసెట్టు పెట్టినతను నవ్వుతూ ఎదురొచ్చాడు.

"ఇగ నువ్వు పరేషాన్ గాకు అన్నా. మల్ల మల్ల పోకుండ గట్టిగ జేసిన."

చూశాను. సన్నని తీగె ఉన్నచోట మూడు పోగులు పేనిన లావాటి రాగి తీగె. ఇంటింటా ఫ్యూజుకు మా వాళ్ళు చేసే వైద్యం అదే. ఆ తీగె నిజంగానే పోలేదు. మిగతావన్నీ పోయాయి. అది తీసేలోపే వంతెన మీద బిళ్ళ పడింది. ఈసారి ట్రాన్సిస్టరుతో పాటు మెయిను కరెంటును తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు కూడా కాలి, తీగెల మీద రబ్బరు కరిగి, దూది మబ్బుకు నిప్పు అంటుకుంది. ఎవరో ఒక బిందెడు నీళ్ళు గుమ్మరించారు. మంట ఆరింది, మబ్బు వానై కారింది. మిగిలిన రోజులు బండి కొండ దగ్గర కదలకుండా నిలబడి ఉంది. మైకుసెట్టు అతన్ని తిట్టి లాభం లేదు. మంచి చేద్దామనే చేశాడు.

సేటు చెడ్డవాడు కాదు. నిమజ్జనం అయ్యాక బావను పిలిచి, నెమ్మదిగానే చెప్పాడు.

"నీ పనితనం మీద నాకు అనుమానం లేదు. గని పొగ లేసింది. దూది, గుడ్డలు, జనం. ఏమన్న అయితె ఎవలు జవాబు? వచ్చేయేడు వీడియో పెడ్తం."

బావ సరే అన్నాడు. ఇంటికి వచ్చి ఇంజనును గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాడు. తర్వాత రెండు మూడు నెలలకు అక్క నా దుకాణానికి వచ్చింది. ఆమె ఎప్పుడూ రాదు. కౌంటరు మీద చేతులు పెట్టి నిలబడింది.

"తమ్మీ, మీ బావ మల్ల గట్లనే అయిండు. పొద్దున పోతడు, మాపటికి వస్తడు. బండి కూత ఇనవడితె తలుపు ముయ్యమంటడు."

"బండి మల్ల బయటికి తీద్దాం అక్కా."

"తీస్తె ఏం లాభం? బల్ల మీద ఒక్కడే తిప్పుకుంటె అది బొమ్మ. నలుగురు ఎక్కి కూసున్నట్టు సూస్తుంటెనె ఆయినకు బండి. సేటు ఒప్పుకోవాలె. ఆయిన ఒప్పుకోవాల్నంటె నీ డబ్బా కాలొద్దు. ఏమన్న జెయ్యి."

డబ్బా అన్నది నా బోర్డును. బాధ కలిగింది గానీ ఆమె అన్నదాంట్లో తప్పు లేదు.

నేను ఆలోచించాను అని రాయడానికి సిగ్గుగా ఉంది. తోచిన పిచ్చివన్నీ ముందు సేటుకు చెప్పి చూశాను. పైసలు వేయవద్దని బోర్డు పెడదామన్నాను. "గోదారిల పైసలెయ్యద్దని నేను రాయించాల్నా? ఊరంత నన్ను తిడ్తది," అన్నాడు. వంతెన మీద వల పరుద్దామన్నాను. "గోదారిని జైల్ల పెడ్తవా?" అన్నాడు. ఆయన రెండుసార్లు కాదన్నాక నాకు ఒకటి అర్థమైంది. పైసలు పడతాయి. పడటం ఆపే బోర్డు లేదు, పడ్డా బతికే బోర్డు కావాలి.

ఉపాయం కొత్తది కాదు. షార్టు అయిన రేడియోకు కరెంటు ఇచ్చి చూసేటప్పుడు మా పనివాళ్ళం నడుమ ఒక బల్బు పెట్టుకుంటాం. రేడియోలో లోపం ఉంటే బల్బు వెలుగుతుంది, రేడియో బతుకుతుంది. రోజూ చేసే పని దుకాణం గుమ్మం దాటాక గుర్తురాకపోవడం నా తెలివి తీరు. లారీలకు వైరింగు చేసే మిత్రుడి దగ్గరికి వెళ్ళి, వెనక బ్రేకు లైటులో పెట్టే బల్బు ఒకటి అడిగాను.

"లారీ కొన్నవా భాయ్? చెప్పనే లేదు," అన్నాడు.

"రైలు కొన్న," అన్నాను.

"అయితె ఒక్క బల్బు సాలదు మరి," అంటూ ఇంకోటి కూడా చేతిలో పెట్టాడు.

ఆ బల్బును బోర్డుకూ పట్టాలకూ నడుమ కలిపాను. బండి మామూలుగా నడిచేటప్పుడు కరెంటు కొద్దిగానే పోతుంది, బల్బులో తీగె చల్లగా ఉండి దారి ఇస్తుంది, వెలగదు. పట్టాల మీద బిళ్ళ పడితే కరెంటు ఒక్కసారిగా ఎగబడుతుంది, తీగె వేడెక్కి వెలుగుతుంది, వేడెక్కిన తీగె అంతకు మించి కరెంటును పోనివ్వదు. భారమంతా బల్బు మీద పడుతుంది. బోర్డుకు తెలియను కూడా తెలియదు. బిళ్ళ తీసేస్తే బల్బు ఆరిపోతుంది, బండి మళ్ళీ కదులుతుంది. తెల్లటి వెలుగు, ఉందా లేదా అన్నదే తేడా. రంగు చూడక్కర్లేదు. ఆ మాట నేను పైకి అనలేదు.

బావ అటక మీంచి బండి దింపాడు. ఆయనే ఒక పది పైసల బిళ్ళ తీసుకుని పట్టాల మీద అడ్డంగా పెట్టాడు. బల్బు వెలిగింది. తీశాడు, ఆరింది. పెట్టాడు, తీశాడు. అలా ఎంతసేపు చేశాడో. చివరికి బిళ్ళ అలాగే ఉంచి, వెలుగుతున్న గాజును వేలితో తాకి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కాలుతున్నది," అన్నాడు. తర్వాత బోర్డు మీద రేకును అరచేత్తో పట్టుకుని చూశాడు. "కాలిపోతలేదు."

సేటు వచ్చి చూసి, సగం మనసుతో ఒప్పుకున్నాడు. "ఈ ఒక్కసారి. పొగ వచ్చిందా, గణపతితోటి మీ బండిని గూడ నిమజ్జనం జేస్త."

పండుగ వచ్చింది. బండి వంతెన ఎక్కింది, పైస పడింది, బల్బు వెలిగింది, బండి ఆగింది. నేను వెదురు పుల్లతో బిళ్ళను నీళ్ళలోకి నెట్టాను, బల్బు ఆరి బండి కదిలింది. పొగ లేదు, వాసన లేదు. నేను లోపల పొంగిపోయాను. ఆ పొంగు మరుసటి సాయంత్రానికే దిగింది. బిళ్ళ సరిగ్గా పట్టాల మీద పడితే దీపం వెలుగుతుందని జనం కనిపెట్టారు. గోదారమ్మ మొక్కు అందుకుందని ఒకరన్నారు. ఇంకేముంది, నీళ్ళలో వేసేవాళ్ళు పోయి పట్టాలకు గురిచూసి వేసేవాళ్ళు వచ్చారు. దీపం వెలిగినప్పుడల్లా చప్పట్లు. బండి వంతెన మీద నడిచిందానికంటే నిలబడింది ఎక్కువ. నేను పుల్ల పట్టుకుని నీళ్ళలో చేపలు పట్టేవాడిలా వంగి ఉండగానే పొద్దుపోయేది.

బోర్డు చల్లగానే ఉంది. భారం బావ మీద పడింది. ఆయన పిడి మీద చెయ్యి పెట్టి, కదలని బండి వైపు చూస్తూ కూర్చునేవాడు. జనం ఆయన బండిని చూడటం లేదు. ఇంజను ఎప్పుడు ఆగుతుందా అని చూస్తున్నారు. ఆగిపోయిన ఇంజను పక్కన కూర్చోవడం ఆయన అంతకుముందే పార్సిల్ గదిలో ఏళ్ళ తరబడి చేసిన పని.

సేటు కూడా అది గమనించాడు. "రైలుకంటె బల్బే బాగున్నదయ్యా," అన్నాడు నాతో, బావకు వినపడేటట్టే. "వచ్చేయేడు ఉత్త బల్బు పెడ్దాం. రైలు ఎందుకు, దాని ఖర్చెందుకు?"

నవ్వుతూనే అన్నాడు. కానీ ఆయన నవ్వుతూ అన్న మాటలే తర్వాత కమిటీలో తీర్మానాలయ్యేవి.

ఆ మరునాడు సాయంత్రం బావ మెడలో ఈల వేసుకుని వచ్చాడు. నా చేతిలోని వెదురు పుల్ల తీసుకుని తన స్టూలు పక్కన పెట్టుకున్నాడు. బండి బావి దగ్గర బయలుదేరింది, కొండ చుట్టింది. వంతెన ఇంకా జానెడు దూరం ఉందనగా ఆయన పిడి వెనక్కి తిప్పి బండిని నిలిపాడు. తనే నిలిపాడు. బల్బు వెలగలేదు. ఈల వేశాడు.

జనం తల ఎత్తారు. "ఏమైందయ్యా, ఖరాబయ్యిందా?"

"ఖరాబు గాలే," అన్నాడు బావ, లేచి నిలబడి. అంత గట్టిగా ఆయన మాట్లాడగా నేను వినలేదు. "బండి పోకముందే గోదారమ్మకు ఇచ్చుకోండ్రి. ఇచ్చినంక చేతులు వెనక్కి తీసుకోండ్రి. లైను మీద ఒక్క బిళ్ళ ఉన్నా బండి కదలదు."

ఏం చెప్పాడో అర్థం కావడానికి జనానికి కొంతసేపు పట్టింది. తర్వాత పైసలు వేశారు, తొందర లేకుండా, దండాలు పెట్టుకుంటూ. బావ వంగి, పట్టాల మీద పడ్డ బిళ్ళలను పుల్లతో ఒక్కొక్కటే నీళ్ళలోకి నెట్టాడు. ఆ చివర నుంచి ఈ చివర దాకా వంతెనను చూశాడు. ఒకతను ఆఖరి క్షణంలో చెయ్యి ఎత్తబోతే పక్కనున్న ముసలవ్వ ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"లైను సూసిండు ఆయిన. ఇప్పుడేస్తవా? అందులో మంది లేరూ?"

ఆ రేకు డబ్బాల్లో ఉన్నది బొగ్గు రజను. కానీ ఎవరూ నవ్వలేదు. బావ రెండోసారి ఈల వేసి పిడి తిప్పాడు. బండి వంతెన ఎక్కి, నడుమ ఎక్కడా తగ్గకుండా, అవతలి ఒడ్డు చేరింది. జనం ఊపిరి వదలడం నాకు వినిపించింది.

మిగిలిన రోజులన్నీ అలాగే నడిచాయి. బల్బు మళ్ళీ వెలగలేదు. దాన్ని తీసేద్దామా అని నేను అడిగితే బావ వద్దన్నాడు. "ఉండనీ. మనిషి సూసిన లైనే గదా, ఎప్పుడన్న తప్పుతది," అన్నాడు.

ఆఖరి సాయంత్రం సేటు ఇంటివాళ్ళను తీసుకుని వచ్చాడు. మంటపంలో ఆయనకు ముందుచోటు వదలడం అలవాటు గనక జనం పక్కకు జరిగారు. సరిగ్గా అప్పుడే బావ వంతెన మొదట బండిని నిలిపి ఈల వేశాడు.

"నడువనియ్యరాదు, నేను వచ్చిన గద," అన్నాడు సేటు.

"లైను కానియ్యండ్రి సేటు," అన్నాడు బావ, తల ఎత్తకుండా.

సేటు నిలబడ్డాడు. ఇనుప కొట్లో కాంటా పక్కన తప్ప ఎక్కడా నిలబడి ఎదురుచూడని మనిషి. ముందు ముసలివాళ్ళు వేశారు, ఆడవాళ్ళు వేశారు. ఆయన తన వంతు వచ్చాక జేబులోంచి బిళ్ళ తీసి, కళ్ళకద్దుకుని, నీళ్ళలో పడేలా జాగ్రత్తగా వంగి వేశాడు. అయినా అది అంచు తగిలి ఎగిరి పట్టా మీద పడింది. బావ పుల్ల అందుకునే లోపు ఆయనే చెయ్యి చాచి, దాన్ని తీసి, మళ్ళీ నీళ్ళలో వేశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బావ వంతెన పొడుగునా చూశాడు. ఈల వేశాడు. బండి దాటింది.

సేటు అది కొండ వెనక్కి మళ్ళేదాకా చూశాడు.

"వచ్చేయేడు గీ వంతెన జర పొడుగు చెయ్యి," అన్నాడు. "గింత గోదారైతె మందికి సాలదు."

"పొడుగైతె డబ్బాలు పెంచాలె. మోటారు ఇంకోటి గావాలె," అన్నాడు బావ. తర్వాత నా వైపు తిరిగాడు. "నీ బోర్డు ఓపుతదా?"

ఓపుతుందో లేదో లెక్క కట్టి చెప్తానన్నాను. ఆయన అప్పటికే నా మాట వినడం లేదు. బండి కొండ చుట్టి వస్తోంది, వంతెన ముందు కొత్త జనం చేరారు. ఆయన ఈల నోట్లో పెట్టుకుని, పిడి మెల్లగా వెనక్కి తిప్పుతున్నాడు.